మీ మందుల చీటీ జేబులో ఉందా?

ఇన్సులిన్‌ను 1921లో కనిపెట్టింది టొరంటోలోనే. లయ తప్పిన గుండెను కరెంటుతో దారిలో పెట్టే పేస్‌మేకర్ తొలి నమూనాల్లో ఒకదాన్ని 1950లో పరీక్షించిందీ ఇక్కడే. షుగర్‌కీ, గుండెకీ ఒకే ఊళ్లో దారి దొరికింది. కానీ ఆ రెండు జబ్బులూ ఒకే ఒంట్లో ఉన్న నాలాంటివాడు మాత్రం ఇక్కడ మూడు క్లినిక్‌ల చుట్టూ తిరుగుతున్నాడు.

నాకు 52 ఏళ్లు. బ్రాంప్టన్‌లో ఒక వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టు. షుగర్, బీపీ ఊరినుంచే వెంట వచ్చాయి. మూడేళ్ల కిందట గుండె దడ మొదలైంది. నిద్ర చాలక, కాఫీ ఎక్కువై అనుకున్నా. ఇంట్లో చెప్తే కంగారు పడతారని, సూపర్‌వైజర్‌కి తెలిస్తే షిఫ్టులు తగ్గిస్తాడని నోరు మూసుకున్నా. చివరికి ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. గుండె పైగదులు సరిగా కొట్టుకోకుండా వణుకుతాయన్నమాట. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి పోతే పక్షవాతమే. ఈ జబ్బున్నవాళ్లకి ఆ ముప్పు సుమారు అయిదు రెట్లు.

ఇక్కడి డాక్టర్లకు ఒక లెక్క ఉంది. 65 ఏళ్లు దాటినా, దాటకపోయినా బీపీ, షుగర్ లాంటివి ఒక్కటున్నా రక్తం పలచబరిచే మందు వాడమంటారు. అంటే షుగర్ సంగతి గుండె డాక్టరుకి తెలియకపోతే లెక్కే తప్పుతుంది. ఆ మందుల్లో చాలావాటి మోతాదు కిడ్నీల పనితీరును బట్టి మారుతుంది. థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. ఒంట్లో ఈ జబ్బులన్నీ చుట్టాలే, విడివిడిగా చూసేది మనమే.

నా తప్పు కూడా చెప్తా. నడుం నొప్పికి రూమ్మేట్ ఇచ్చిన ఐబుప్రొఫెన్ వారం రోజులు మింగా. రక్తం పలచబరిచే మందుతో అది కలిస్తే లోపల రక్తస్రావం కావచ్చని మందుల షాపులో ఫార్మసిస్టు చెప్పేదాకా తెలియదు. వార్ఫరిన్ వాడేవాళ్లు తోటకూర, పాలకూర మానక్కర్లేదు. ఒకరోజు గిన్నెడు, తర్వాత వారం అసలు లేకుండా కాక, రోజూ ఒకే తీరుగా తినాలి.

ఇక్కడ డాక్టరు ఫీజు, ఆస్పత్రి ఖర్చు హెల్త్ కార్డు మీద పోతాయి. మందులు అలా కాదు. 2024లో వచ్చిన ఫార్మాకేర్ చట్టం తొలి దశలో షుగర్ మందులు, గర్భనిరోధకాలే పెట్టారు. అదీ ఒప్పందం చేసుకున్న ప్రావిన్సుల్లోనే. గుండె మందులు లేవు. చట్టం కూడా మనిషిని ముక్కలుగానే చూసింది. ఒంటారియోలో ఆదాయంతో పోలిస్తే మందుల ఖర్చు ఎక్కువయ్యేవాళ్లకి ట్రిలియం అనే పథకం ఉంది. అప్లై చేయండి. డబ్బు మిగులుతుందని మాత్ర రోజు విడిచి రోజు వేసుకోవద్దు.

సర్కారు మారేదాకా ఆగలేం కదా. అందుకే ఒక చీటీ రాసుకోండి. జబ్బులన్నీ, మందులన్నీ, ఊరినుంచి తెచ్చుకున్న ఆయుర్వేదం కూడా. హైదరాబాద్‌లో కొన్న మాత్ర కంపెనీ పేరు చెబితే ఇక్కడ అర్థం కాకపోవచ్చు. అసలు మందు పేరు, మోతాదు రాయండి. ఏ క్లినిక్‌కి వెళ్లినా ముందు అదే చూపించండి. ఉద్యోగం భయమా? మీ అనుమతి లేకుండా డాక్టరు మీ జబ్బు సంగతి యజమానికి చెప్పకూడదు.

మన సంఘాల పెద్దలకీ ఒక మాట. ఉగాదికి, బతుకమ్మకి హాలు బుక్ చేస్తున్నారు, సంతోషం. అదే హాల్లో ఓ మూల టేబులేసి, తెలుగు తెలిసిన ఫార్మసిస్టును కూర్చోబెట్టి ఈ చీటీలు రాయించలేరా?

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా చూడొద్దు. వెంటనే 911కి ఫోన్ చేయండి. ఇక ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసేలోపు ఆ చీటీ రాసేయండి. వారం వారం మనం చెప్పే 'నేను బాగానే ఉన్నా' అనే మాటను ఈసారి కొంచెం నిజం చేద్దాం.