జూదం కొలువు, గాలిలో దీపం

ఈ మధ్య హిందూపురంలో జుమా నమాజు ముగిశాక ఒక తండ్రి మా పక్కన వచ్చి కూర్చున్నారు. "హజ్రత్! మావాడు బెంగళూరులో కొలువు పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. ఫోనులో డబ్బు పెట్టి ఆడే పేకాట కంపెనీ అది. వాడు ఆడలేదు, ఆడేవాళ్ల ఫోన్లకు జవాబు చెప్పేవాడు, అంతే. ఇప్పుడొక ఏజెంటు కంబోడియాకు పంపిస్తానంటున్నాడు. పంపమంటారా?" అని అడిగారు.

ఇది ఆ ఒక్క ఇంటి ప్రశ్న కాదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. దానితో బెంగళూరు కంపెనీలు ఆ ఆటలను ఆపివేసి, సిబ్బందిని తగ్గించుకున్నాయి. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించింది.

విదేశాల్లో ఈ కొలువుల గతి ఇంకా కఠినం. ఫిలిప్పీన్స్‌లో విదేశీయుల కోసం నడిచే జూదం కంపెనీలను 2024 జూలై 22న అధ్యక్షుడు మార్కోస్ నిషేధించారు. వాటివల్ల దేశానికి వచ్చే లాభం కన్నా నష్టమే ఎక్కువని ఆ దేశ ఆర్థిక శాఖ లెక్క తేల్చింది. అక్కడ పనిచేసే పరదేశీయులు అక్టోబరు 15లోగా తమ వర్క్ వీసాలను వదులుకోవాలని, ఏడాది ముగిసేలోగా దేశం విడిచి పోవాలని ఉత్తర్వులు వెలువడ్డాయి. స్వదేశీ ఉద్యోగులకు మాత్రం ప్రభుత్వం ఉద్యోగ మేళాలు పెట్టింది. పరదేశికి మిగిలింది తిరుగు టికెట్టే.

కంబోడియా కూడా 2019లోనే ఆన్‌లైన్ జూదాన్ని ఆపించింది. కానీ సిహనౌక్‌విల్ పట్టణంలో ఖాళీ అయిన జూదగృహాల్లో కొన్ని సైబర్ మోసాల అడ్డాలయ్యాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లిన తెలుగు యువకులు అటువంటి అడ్డాల్లో చిక్కుకున్న సంగతి 2024 మేలో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తులో బయటపడింది.

మన ఊళ్లకు ఈ కథ కొత్త కాదు. హిందూపురం, ధర్మవరం వీధుల్లో మట్కా సంగతి తెలియనివారు లేరు. పోలీసుల చేతికి ముందు చిక్కేది చీటీలు రాసే బీటర్. కంపెనీ నడిపేవాడు ఎక్కడో భద్రంగా ఉంటాడు. పెద్ద జూదంలోనూ అదే తీరు. యజమాని దుకాణం మరో దేశానికి మార్చుకుంటాడు. పర్మిట్ పోయేది, పూట గడవనిది పనివాడికే.

అందుకని కొలువు పోయినవారిని చూసి "హరామ్ సొమ్ము, మంచి పనే అయింది" అనడం ధర్మం కాదు. మద్యంలో, జూదంలో కొంత ప్రయోజనం ఉందని దివ్యఖురాన్ (2:219) కాదనలేదు. వాటి పాపం ఆ ప్రయోజనం కంటే పెద్దదని తేల్చింది. ఆపై అల్ మాయిదా సూరా (5:90) వాటికి దూరంగా ఉండమని ఆదేశించింది. కుటుంబం ఆ జీతం మీద బతికిందన్నది నిజమే. ఆ జీతం మరో ఇంటి గోడు నుంచి వచ్చిందన్నదీ నిజమే.

కనుక బాధ్యత రెండు వైపులా ఉంది. పంపేముందు తల్లిదండ్రులు జీతం ఎంతని అడగడంతో సరిపెట్టుకోరాదు. కంపెనీ చేసే వ్యాపారం ఏమిటి, ఇచ్చేది వర్క్ వీసాయా టూరిస్టు వీసాయా, ఏజెంటు విదేశాంగ శాఖ వద్ద నమోదయ్యాడా అని విచారించాలి. ఇక జమాత్ పెద్దలు తిరిగొచ్చిన యువకుణ్ణి వేలెత్తి చూపకుండా ఒక దారి చూపాలి. ధర్మవరంలో పట్టు వ్యాపారులున్నారు. పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, దాని చుట్టూ అనుబంధ పనులున్నాయి. ప్రతి మస్జిద్‌లో పని కావలసినవారి పేర్లు, పని ఇవ్వగలవారి పేర్లు రాసే ఒక పుస్తకం పెట్టడానికి ఖర్చేముంది?

ఆ తండ్రితో మేము అన్నది ఒక్కటే: "పంపకండి. వచ్చే జుమాకు అబ్బాయిని వెంటబెట్టుకు రండి, కలిసి వెతుకుదాం."

అల్లాహ్ మన బిడ్డలందరికీ హలాల్ ఉపాధి ప్రసాదించుగాక. ఆమీన్.