తెర నల్లబడితే పెట్టె చెడినట్లేనా?

పిల్లలూ! ఆటపెట్టె దీపం వెలుగుతున్నది, టి.వి.లో బొమ్మ మాత్రం లేదు. వెంటనే నేరం తమ్ముడి మీద పడుతుంది! మా చంద్రగిరిలో కొందరు పెట్టెను సంచిలో వేసుకుని తిరుపతికి మరమ్మతుకు బయలుదేరుతారు. కాస్త ఆగండి.

బొమ్మ పెట్టెలో పుట్టి, తీగ గుండా వచ్చి, టి.వి.లో దిగుతుంది. ఆ దారి ఎక్కడ తెగిందో వెతకాలి. తీగ రెండో రంధ్రంలో ఉంటే, టి.వి. ఒకటో దానివైపు చూస్తూ కూర్చున్నదేమో! రిమోటుతో ఇన్‌పుట్ మార్చండి. తరువాత హెచ్.డి.ఎమ్.ఐ. తీగ. దాని మూతిలో 19 సన్నని లోహపు స్పర్శలు ఉంటాయి. కొన్ని సరిగా అంటకపోయినా బొమ్మ రాకపోవచ్చు. అన్నీ ఆపి, తీగ ఊడదీసి మళ్ళీ పెట్టండి. రాలేదా? పక్కింటివారి తీగ అడిగి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి సుమా! రెండూ మారిస్తే దోషి ఎవరో తేలదు.

ఒక్కొక్కప్పుడు టి.వి. చూపలేని కొలతలో పెట్టె బొమ్మను పంపుతుంది. ప్లేస్టేషన్ 4 అయితే, ఆపివేసి మీటను నొక్కి పట్టుకోండి. మొదటి కూత తరువాత సుమారు 7 సెకన్లకు రెండోది వినగానే వదలండి. సేఫ్ మోడ్ వస్తుంది. ఆట మీటలపెట్టెను తీగతో తగిలించి, అందులో రిజల్యూషన్ మార్చే వరుసను ఎన్నుకోండి.

మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.