ఎవరి పోలికతో నడుస్తున్నాం?

ఏ సభకెళ్లినా నాయకుణ్ని గురించి వినబడే మాటలు నాలుగే. ఆయన ఓడకు చుక్కాని, రథానికి సారథి, సైన్యానికి సేనాధిపతి, ఇంటికి పెద్దదిక్కు. కష్టకాలం వచ్చిందంటే ఈ మాటలు మరీ జోరందుకుంటాయి. వానలు మొహం చాటేసినా, పంట ధర పడిపోయినా, ఊరిమీదికి రోగం వచ్చినా మనకు సాయం కంటే ముందు అందేది ఒక పోలిక. పోలికే కదా, వినడానికి బాగుంటుందని వాడారులే అని వదిలేస్తాం.

కథలు రాసే అలవాటున్నదాన్ని కాబట్టి నాకు వాటిమీద కాస్త కన్నెక్కువ. కథలో ఒక మనిషిని పాముతో పోల్చితే చదివేవాళ్లు కర్ర కోసం వెతుకుతారు. అదే మనిషిని గాలిలో దీపమంటే చెయ్యి అడ్డుపెట్టాలనుకుంటారు. పోలిక మారితే చేసే పని మారిపోతుంది. రాజకీయాల్లోనూ అంతే.

కరోనా రోజులు గుర్తు తెచ్చుకోండి. మహాభారత యుద్ధం 18 రోజుల్లో గెలిచారు, ఈ యుద్ధానికి 21 రోజులు పడుతుందని 2020 మార్చి 25న ప్రధాని మోదీ అన్నారు. జనాన్ని ఇళ్లలో కూర్చోబెట్టడానికి ఆ పోలిక పనికొచ్చింది, కాదనను. కానీ యుద్ధమన్నాక శత్రువు కావాలి. వైరస్ కంటికి కనబడదు, కనబడేది రోగి. అందుకే దగ్గినవాళ్లు, పట్నం నుంచి నడిచొచ్చిన కూలీలు, ఆఖరికి డ్యూటీ దిగి ఇంటికొచ్చిన నర్సమ్మలు కూడా వీధికి శత్రువులైపోయారు.

అదే రోజుల్లో పొదుపు సంఘాల ఆడవాళ్లు మిషన్ల ముందు కూర్చుని మాస్కులు కుట్టారు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. అది యుద్ధమా? నాకైతే పురిటిల్లు గుర్తొచ్చింది. మైల, అంటు మాట పక్కనపెట్టండి. పురిటింట్లో మనిషిని విడిగానే ఉంచుతాం, కానీ ఎవరూ ఆమెను అసహ్యించుకోరు. వేళకు పథ్యం గుమ్మం దగ్గరికి వెళుతుంది. రాత్రి ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు. రోగిని అలా చూడాలని మొదటిరోజే చెప్పివుంటే ఎన్ని ఇళ్లకు వెలి తప్పేదో!

ఈ పోలికల సంగతి ఆలోచించడానికి మా కురబలకోట వైపువాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడే జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాశారు. దాని బాణీకి స్వరాలు రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్. 1917లో భారత మహిళా సంఘాన్ని స్థాపించినవారిలో ఆమె ఒకరు. ఆ పాటలో మనం జాతీయగీతంగా పాడేది మొదటి చరణమే. తర్వాతి చరణాల్లో ఎగుడుదిగుడు బాటలో రథం తోలే సారథి వస్తాడు. ఆ వెంటనే, చీకటి రాత్రి బిడ్డను ఒడిలో పెట్టుకుని రెప్పవాల్చకుండా కాచే తల్లి వస్తుంది. కవి రెండూ ఇచ్చాడు. మన సభల్లో మాత్రం సారథే మిగిలాడు.

అదే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కథ ఇంకోరకం. ఆయన్ను జగద్గురువును చేయాలని 1911లో ఒక సంస్థే పెట్టారు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, వేలమంది భక్తుల ముందు ఆయనే దాన్ని రద్దుచేశాడు. సత్యమనేది బాటలు లేని నేల, అక్కడికి ఎవరూ ఎవర్నీ తోలుకుపోలేరన్నాడు. నాయకుడి పోలికల్లో నాయకుడే అక్కర్లేదన్న పోలిక అది. ఆయన పేరుతో ముడిపడిన రుషి వ్యాలీ బడి మా మండలంలోనే ఉంది. అందరం రుషులం కాలేం గానీ, మనల్ని ఎవరైనా పీటమీద కూర్చోబెడుతుంటే ఓసారి ఆ పీట ఎవరిదో చూసుకోవాలన్న బుద్ధి దాన్నుంచి నేర్చుకోవచ్చు.

ఇక మా ఇంటి ముంగిటి కథకొస్తాను. టమోటాను మా వైపు లాటరీ అంటారు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో రెండొందల దరిదాపుల్లోకి పోయింది. అదే పంటను కోతకూలి కూడా రాదని రోడ్డుపక్కన పారబోసిన ఏళ్లూ ఉన్నాయి. లాటరీ అనేశాక ఇక అడగడానికేముంది? తగిలితే అదృష్టం, పోతే కర్మ. తప్పు ఎవరిదీ కాదు. మార్కెట్టుదీ కాదు, ప్రభుత్వానిదీ కాదు.

కానీ ఇంట్లో కూరగాయలు మిగిలితే మనం అదృష్టం గురించి మాట్లాడతామా? కొన్ని ఊరగాయ పెడతాం, కొన్ని ఒరుగులు చేసి ఎండబెడతాం, పక్కింటికి గిన్నెడు పంపిస్తాం. పారేయడం ఆఖరి మాట. టమోటాను ఒరుగుల లెక్కన చూస్తే ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. నిలవచేసే చోటేదీ? గుజ్జు తీసే ఫ్యాక్టరీలెన్ని? ధర పడిన వారం లారీ కిరాయి ఎవరు పెట్టుకోవాలి? టమోటా, ఉల్లి, ఆలుగడ్డ కోసం 2018 కేంద్ర బడ్జెట్‌లో 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. అందులో మన మండలానికి ముట్టిందేమిటని అడగాలంటే ముందు లాటరీ అన్న మాట నోట్లోంచి పోవాలి.

ఇదంతా మాటల గారడీ అంటారేమో. నెల్లూరు చూడండి. 1991లో అక్కడ అక్షరదీపం పేరుతో చదువుల ఉద్యమం నడిచింది. వాచకంలో సీతమ్మ కథ ఉండేది. సీతమ్మ దేవత కాదు, రాణి కాదు. మొగుడు తాగి ఇల్లు గుల్లచేస్తే బాధపడే మామూలు మనిషి. రాత్రిబడిలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు ‘ఇది మా కథే’ అనుకున్నారు. దూబగుంటలో సారా అంగడి మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ సడలింపు వేరే కథ. ఇక్కడ మనం చూడాల్సింది ఒకటుంది. మన ఆడవాళ్లను లక్ష్మి అన్నారు, శక్తి అన్నారు, ఇంటి వెలుగన్నారు. వాళ్లను వీధిలోకి నడిపించింది మాత్రం తమలాంటి ఒక సీతమ్మ.

ఇప్పుడు మన రాష్ట్రం పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్లవే. 2021 ఎన్నికల్లోనూ అలాగే గెలిచారు. అయినా ఎన్నో ఊళ్లలో సంతకం ఆమెది, మాట ఆమె ఇంటాయనది. ఎందుకంటే పదవంటే రథమనీ, యుద్ధమనీ మన బుర్రల్లో ఉంది. రథం తోలడం ఆమెకేం తెలుసంటారు.

నన్నడిగితే నా పోలిక సంగటి. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోస్తాం. పోయగానే కెలికితే పచ్చివాసన పోదు. మూతపెట్టి సన్నటి సెగమీద ఓపిక పట్టాలి. దించాక మాత్రం తెడ్డు ఆపకూడదు. చెయ్యి నొప్పెట్టిందని మధ్యలో ఆపితే ఉండలు కడుతుంది. గిన్నె కదలకుండా ఇంకొకరు పట్టుకుంటే పని సులువు. ఎండాకాలంలో ఊళ్లో కుళాయి నీళ్ల వంతులు మార్చాలనుకోండి. ముందు విషయం చెప్పి వదిలెయ్యాలి. నాలుగురోజులు సణుక్కోనివ్వాలి. అందరి మాటా విన్నాక మొదలుపెట్టి, ఎవరి ఇంటికీ మినహాయింపు లేకుండా ఆఖరిదాకా కానివ్వాలి. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఆగకూడదో రోజూ పొయ్యి దగ్గర చూసుకునే మనిషిని నీకేం తెలుసని అడగడానికి ఎవరికీ నోరు రాదు.

వంటింటి పోలికలు చెప్పి ఆడదాన్ని మళ్లీ వంటింట్లోకే తోస్తున్నావా అని ఒక స్నేహితురాలు దెబ్బలాడింది. న్యాయమైన ప్రశ్నే. పోలిక వంటిల్లే కానక్కర్లేదు. మిషను కుట్టే ఆమెకు కత్తిరింపు ఉంది, పంతులమ్మకు తరగతి ఉంది, టమోటా కోసే ఆమెకు పండేదో పుచ్చేదో చూపుతో చెప్పే నేర్పుంది. ఎవరి చేతిపని వాళ్లకు దారి చూపాలి, అంతే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. జనం పిండి కారు, వాళ్లకూ చేతులున్నాయి. తెడ్డు వాళ్లకూ ఇవ్వాల్సిన రోజొస్తే నా సంగటి పోలికను నేనే పక్కన పెట్టెయ్యాలి.

కాబట్టి ఏ పోలిక విన్నా మూడు సంగతులు చూడండి. అది ఎవర్ని శత్రువుని చేస్తోంది? ఎవరి బాధ్యతను దాచిపెడుతోంది? విన్నాక రేపొద్దున చెయ్యాల్సిన పని కనబడిందా లేదా? చట్టసభల్లో మనకు మూడోవంతు సీట్లిస్తూ 2023లో చేసిన చట్టానికి నారీశక్తి వందనమని పేరుపెట్టారు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాశారు. ఈ మూడు ప్రశ్నలూ ఆ పేరుకూ వేసి చూడండి. వందనం బాగానే ఉంది, సీటు సంగతేమిటని మీకే అనిపిస్తుంది.

ఈసారి మీ పొదుపు సంఘం మీటింగులో అప్పుల లెక్క అయ్యాక ఐదు నిమిషాలుంచుకోండి. మన సంఘం దేనిలా ఉందని ఒక్కొక్కరినీ అడగండి. మాట్లాడని ఆమెను ముందు అడగండి.