డ్రైవరు చేతి సాక్ష్యము

మదనపల్లె టమాటా మార్కెట్టు యార్డులో, క్రేట్లు అంచుదాక పేర్చిన పికప్పు బండిని, అటొక బండియు ఇటొక బండియు నిలిచియున్న సందులోనికి వెనుకకు నడిపించుట ఎంతటి శ్రమతో కూడిన పనియో, పవర్ స్టీరింగు లేని బండిమీద బ్రతికినవారికే పూర్తిగా తెలియును. నిలిచియున్న బండిలో ఆ స్టీరింగు తిరుగుటకు మొరాయించును. కావున డ్రైవరు క్లచ్చును కొంచెము వదలి, బండిని జానెడు కదలించి, ఆ కదలిక ఆగకముందే రెండు చేతులతో స్టీరింగును లాగి, మరల బ్రేకు త్రొక్కి, మరల కదలించి, సరకు దింపుచోటికి చేరునప్పటికి అతని భుజములు బరువెక్కి, అరచేతులు ఎర్రబారియుండును. కూరగాయలు, పాలు, సిమెంటు, ఇటుక మోసి జీవించు వేలాది కుటుంబములకు ఇది నిత్యకృత్యము.

అట్టివారికి విద్యుత్సహాయముతో తిరుగు స్టీరింగు లభించుట నిజముగా ఒక ఉపకారమే. 2019లో వచ్చిన టాటా ఇంట్రా వంటి చిన్న సరకుబండ్లలో ఈ ఏర్పాటు కనిపించినది మొదలు, ఆ బండ్లు కొన్నవారిని పలకరించినచో తొలుత మైలేజీని గూర్చి కాక స్టీరింగును గూర్చియే చెప్పుదురు. “ఒంటిచేత్తో తిరిగిపోతుందన్నా” అను ఆ మాటలోని సంతోషమును ఎవరును తక్కువచేసి చూడరాదు. ఈ వ్యాసము ఆ యంత్రమునకు వ్యతిరేకముగా వ్రాయబడినది కాదు. ఆ యంత్రము తప్పినప్పుడు దానిని పట్టుకొనియున్నవాని మాటకు మన వ్యవస్థలో ఏ విలువ కలదను ప్రశ్నయే దీనికి మూలము.

స్టీరింగు బరువును తగ్గింపవలెనను ఆలోచనయే భారవాహనముల నుండి పుట్టినది. అమెరికాలో పియర్స్-యారో సంస్థ ట్రక్కుల విభాగమున ఇంజనీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్, లారీ స్టీరింగు తిప్పుటలోని కష్టమును దగ్గరనుండి ఎరిగినవాడై, నూనె ఒత్తిడితో పనిచేయు పవర్ స్టీరింగును 1926లో రూపొందించి చూపెను. అది విక్రయమునకు వచ్చిన కార్లలో చోటు చేసికొనుటకు 1951లో క్రిస్లర్ ఇంపీరియల్ వెలువడువరకు ఆగవలసివచ్చినది. ఆ పద్ధతిలో ఇంజను బెల్టుతో తిరుగు పంపు, బండి తిన్నగా పోవుచున్నను, మలుపు తిరుగుచున్నను, నిరంతరము తిరుగుచునే యుండి, కొంత ఇంధనమును ఊరక వ్యయము చేయును. 1988లో సుజుకీ సెర్వో అను చిన్నకారులో ఆ పంపునకు బదులు విద్యున్మోటారు వచ్చినది. స్టీరింగు కడ్డీలో నొక సన్నని మెలికకడ్డీ యుండును. డ్రైవరు చేయి ఎంత బలముతో తిప్పుచున్నదో ఆ మెలికను బట్టి సెన్సారు గ్రహించి తెలుపగా, చిన్న కంప్యూటరు లెక్కగట్టి, మోటారునకు కావలసినంత కరెంటును మాత్రమే అందించును. తిప్పనప్పుడు వ్యయము దాదాపు లేదు. ఇంధనపు పొదుపు కొరకు బరువైన పికప్పులును క్రమముగా ఈ మార్గమునే అనుసరించినవి: ఫోర్డు ఎఫ్-150 2011లోను, రామ్ 1500 2013లోను, షెవ్రొలే సిల్వరాడో 2014లోను ఈ పద్ధతికి మారినవి.

ఆ సిల్వరాడో యజమానుల అనుభవమును మనవారు శ్రద్ధతో చదువవలెను. తక్కువ వేగమున మలుపు తిరుగుచుండగా బండిలోని విద్యుత్ వోల్టేజి ఒక్కసారి పడిపోవుటచే, స్టీరింగునకు అందుచున్న సహాయము క్షణకాలము నిలిచి, స్టీరింగు బిగిసి, తోడనే ఆ సహాయము తటాలున తిరిగివచ్చుచుండెను. ఈ రెండవదియే మొదటిదానికంటె అపాయకరము. ఏలయన, బిగిసిన స్టీరింగును బలముకొలది లాగుచున్న చేతికి అకస్మాత్తుగా పూర్తి సహాయము లభించినచో, బండి తలచినదానికంటె మిక్కిలిగా ఒరిగి తిరిగిపోవును. జనరల్ మోటార్సు సంస్థ 2014 నమూనా బండ్లను ముందుగను, 2018 సెప్టెంబరులో ఇంచుమించు అదే నిర్మాణముగల 2015 నమూనా పికప్పులను, పెద్ద వాహనములను పది లక్షలకు పైగాను మరల పిలిపించి, వానిలోని కంప్యూటరు సాఫ్టువేరును మార్చినది. ఆ లోపముతో ముడిపడినవిగా 30 ప్రమాదములును, ఇద్దరికి గాయములును ఆ సమయమున నమోదైయుండెను. ప్రాణనష్టము కలుగలేదు. లోపము ఒక క్షణముదే. యజమానులు చెప్పగా నమోదైన మాటలు కూడుటచేతనే పది లక్షల బండ్లను పిలిపింపవలసిన లోపముగా అది తేలినది.

ఈ లోపము యొక్క స్వభావమే అట్టిది. ఇంజను ఆపి తిరిగి తాళము తిప్పినంతనే అది మాయమగుట కలదు. మెకానిక్కు షెడ్డునకు బండి వచ్చువేళకు స్టీరింగు వెన్నవలె తిరుగుచుండును. “మలుపులో ఒక్కసారిగా టైటై పోయిందన్నా, మళ్లీ దానంతట అదే ఫ్రీ అయింది” అని డ్రైవరు మొరపెట్టుకొనగా, “స్కానరు పెట్టి చూస్తిమి గదా, ఏ కోడూ లేదు, బండి బాగానే ఉండాది” అని బదులు వచ్చును. ఇరువురును నిజమే పలికినవారు. అయినను ఈ రెండు నిజములలో స్కానరు నిజమే కాగితమెక్కును, చేతి నిజము గాలిలో కలిసిపోవును. పాతపద్ధతి స్టీరింగు చెడినచో నూనె కారును, పంపు మూలుగును, బెల్టు కీచుమనును. అందరికి కనబడును, వినబడును. క్రొత్తది చెడుటకు సాక్షి తరచు ఒక్కడే, వాడును మలుపు తిరుగుచు ప్రాణము గుప్పిట పట్టుకొనియున్నవాడు.

రోడ్డు చేతికి తెలియుటలేదను ఫిర్యాదు మరియొకటి. మదనపల్లె నుండి పీలేరు మీదుగా తిరుపతికి పోవునపుడు భాకరాపేట ఘాట్ రోడ్డు దిగుచు, నిండు బరువుతో వాన తడిసిన మలుపు తిరుగువేళ, ముందుచక్రములు జారబోవుచున్నట్టు స్టీరింగు తేలికయగుటను బట్టి చేతికి ముందుగానే అందు హెచ్చరిక, మోటారు నడుమ నుండుటచే కొంత మందగించునని పలువురు అనుభవజ్ఞులు చెప్పుదురు. ఇది సరిచేయదగినదే, మోటారునకు ఇచ్చు ఆజ్ఞలను మెరుగుపరచి, ఆ స్పర్శను చాలవరకు మరల రప్పించుట ఇప్పటికే జరుగుచున్నది. కనుక దీనిని నేను పెద్ద దోషముగా నెంచను.

స్టీరింగు ఇట్లు బిగియుటలో యజమానుల పాత్రయును కొంత కలదని చెప్పక తప్పదు. నిలిచిన బండిలో స్టీరింగును చివరివరకు తిప్పినపుడు ఈ మోటారు బ్యాటరీనుండి విశేషముగా కరెంటును లాగును. అట్టి బండికి వరుసలు వరుసలుగా రంగుదీపములు, చెవులదిరిపడు హారనులు, క్యాబినులో పాటల పెట్టె బ్యాటరీనుండి నేరుగా తీగలు లాగి బిగించి, తుప్పుపట్టిన ఎర్త్ వైరును ఏండ్లతరబడి అట్లే వదలినచో, వోల్టేజి పడిపోవుట వింత కాదు. విజయవాడ జవహర్ ఆటోనగరు వంటి చోట్ల ఏ యంత్రమునైనను విప్పి, దాని అంతు చూచి, తిరిగి బిగింపగల పనివారు కలరు. అయినను మూతబిగించిన మోటారును కంప్యూటరును ఒకే ముద్దగా అమ్ముచు, లోపలి సెన్సారును విడిగా అమ్మక, దాని భాషను చదువు పరికరమును బయటివారికి అందనీయక పోయినచో, వారి విద్య నిష్ఫలమగును. చిన్న భాగము చెడినను మొత్తము మార్చవలెననుట రోజు బాడుగమీద బ్రతుకు యజమానిని అప్పులలోనికి త్రోయుటయే.

మనకు చట్టము లేకపోలేదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము, 110ఎ అను క్రొత్త విభాగముతో, లోపభూయిష్టమైన వాహనములను మరల పిలిపింపుమని ఉత్పత్తిదారులను ఆజ్ఞాపించు అధికారమును కేంద్రప్రభుత్వమునకు ఇచ్చినది. దాని నియమములు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఏడేండ్లు నిండని వాహనముల యజమానులు తమ ఫిర్యాదులను ప్రభుత్వ పోర్టలులో తెలుపుకొనవచ్చును. ఫిర్యాదుల సంఖ్య ఒక హద్దు దాటినచో విచారణ జరుగును. కోటి రూపాయలదాక జరిమానా కలదు. అనగా ఈ చట్టము చాలవరకు యజమాని నోరు విప్పుటమీద ఆధారపడియున్నది. అయితే రాత్రంతయు సరకు తోలి, తెల్లవారి దింపి, మరల బాడుగ వెదకుకొనువాడు, ఒక్క క్షణము బిగిసి విడిన స్టీరింగును గూర్చి పోర్టలు తెరచి వివరములు నింపునని మనము ఆశించుట న్యాయమా? వాడు ఆ క్షణమును తలచుకొని భయపడును, దేవునికి దండము పెట్టుకొనును, తోటి డ్రైవరులతో చెప్పుకొనును. అంతటితో ఆ సాక్ష్యము ముగియును.

కాని వాడు తప్పక వచ్చు చోటు ఒకటి కలదు. బాడుగకు తిరుగు సరకుబండి ఎనిమిదేండ్లు నిండువరకు రెండేండ్లకొకమారు, తరువాత ఏటేటా ఫిట్‌నెస్ పరీక్షకు రావలెను. కావున చట్టము లెక్కలోనికి తీసికొను ఏడేండ్లలో ప్రతి పికప్పును, ప్రతి యజమానియు, మూడుమార్లు అధికారుల యెదుట నిలిచినట్లే. ఆ మూడుమార్లును వాని బ్రేకులను, దీపములను, పొగను పరీక్షింతురు. యజమానిని మాత్రము ఎవ్వరును ఏమియు అడుగరు. “బండి నడుచుచుండగా స్టీరింగు ఎప్పుడైనా బిగిసినదా? ఖాళీగా ఉన్నప్పుడా, బరువుతోనా? హెచ్చరిక దీపము వెలిగినదా, వెలుగకయే జరిగినదా? ఆపి తిప్పగానే సరియైనదా?” అని తెలుగులో అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసి, ఆ వ్రాతను నేరుగా ఆ పోర్టలులోనికి చేర్చుటకు కొన్ని నిమిషములకంటె ఎక్కువ పట్టదు. రెండు తెలుగు రాష్ట్రముల రవాణాశాఖలును దీనిని తక్షణమే ఆరంభింపవలెనని నా ప్రార్థన.

బండితోపాటు యజమానికి ఇచ్చు పుస్తకములోను ఒక పుట తెలుగున ముద్రింపవలెను. సహాయము ఆగిపోయినను స్టీరింగునకును చక్రములకును నడుమ ఇనుపలంకె తెగిపోదనియు, స్టీరింగు బరువగునే గాని పనిచేయక మానదనియు, అట్టి సమయమున రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, కుదుపక నిలకడగా తిప్పుచు, వేగము తగ్గించి బండిని ప్రక్కకు తీయవలెననియు, ఇంజను ఆపుటకు తొందరపడరాదనియు, సహాయము హఠాత్తుగా తిరిగివచ్చినపుడు చేతిబలమును వెంటనే సడలింపవలెననియు అందులో స్పష్టముగా నుండవలెను. చదువరానివారికి ఈ మాటలను బండి అప్పగించునాడే షోరూములోని వారు నోటితో చెప్పి, ఖాళీస్థలమున చేసి చూపింపవలెను.