రోజుకొక చెరువు



2023 జూన్‌లో నేనూ, మా ఆవిడా ఐర్లాండ్ వెళ్ళి మూడు వారాలు ఉండి వచ్చాము. మా అమ్మాయి, అల్లుడు కావన్ అనే జిల్లాలో ఉంటారు. సముద్రం తగలని జిల్లా అది. హడావుడి లేదు. ఎటు చూసినా చిన్న చిన్న గుట్టలు, వాటి సందుల్లో నీళ్ళు. రోజుకొకటి చొప్పున 365 సరస్సులున్నాయని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. బ్యాంకు బుద్ధి పోక లెక్క పెట్టబోయి, పదకొండు దగ్గర మానేశాను.

ఒక ఆదివారం లాక్ ఊటర్ అనే సరస్సుకు తీసుకువెళ్ళారు. నీళ్ళ నడుమ చిన్న లంక, దాని మీద సగం కూలిన గుండ్రని రాతికోట. 1653లో క్రామ్‌వెల్ సేనలకు చిట్టచివరగా లొంగిన కోటల్లో అదొకటి.

నా మనసును పట్టుకున్నది మాత్రం 1641 చలికాలంలో అక్కడ బందీగా ఉన్న విలియం బెడెల్ అనే బిషప్పు కథ. ఆయన ఇంగ్లండువాడు. 1627లో డబ్లిన్ ట్రినిటీ కళాశాలకు అధిపతిగా వచ్చేనాటికే యాభై దాటాయి. ఆ వయసులో ఐరిష్ భాష నేర్చుకుని, బైబిలు పాత నిబంధనను అందులోకి అనువాదం చేయించారు. 1642లో కన్నుమూశారు. ఆ పుస్తకం అచ్చయింది 1685లో!

ఇదంతా చదువుకుంటూ గట్టున నిలబడి ఉంటే, ఆరేళ్ళ మనవడు నీళ్ళు చూపించి, "లొఖ్, తాతా!" అన్నాడు. ఐరిష్‌లో సరస్సు అని అర్థమట. బడిలో నేర్పుతున్నారు.

"మన తెలుగులో ఏమంటారు నాన్నా?" అని అడిగాను.

వాడు తల్లి ముఖం చూశాడు. "చెరువురా" అంది అమ్మాయి, మెల్లగా.

తప్పు పిల్లలది కాదు. హోసూరులో అమ్మాయి బడిలో తమిళం, ఇంగ్లీషు చదివింది. "ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం కదా, చాల్లే" అన్నది నేనే. సాయంత్రాలన్నీ బ్యాంకు పద్దులకే సరిపోయాయి. అమ్మాయికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. మనవడికి ఉత్తరం రాద్దామన్నా చదివి పెట్టేవారు లేరు.

తిరిగి వచ్చినప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోనులో తల్లికీ, కొడుక్కీ కలిపి అక్షరాలు దిద్దిస్తున్నాను. ఇద్దరిలో కొడుకే ముందున్నాడు. మొన్న పలక మీద "చెరవు" అని రాసి చూపించాడు. కొమ్ము పెట్టించాను.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి పాతబాకీ ఉంటే, పిల్లలు దగ్గరున్నప్పుడే మొదటి వాయిదా కట్టేయండి. ఆలస్యమైతే వడ్డీ ఎక్కువ.