ఏజెంటు రాకముందే పాస్‌పోర్టు



సెలవులకు తాండాకు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు మన చేతిలో కాగితం పెడతారు, "చదివి చెప్పురా, వీసా మంచిదేనా" అని. మొన్న బోధన్ దగ్గర ఒక అన్న మాకు చూపించింది విజిట్ వీసా. ఆయన దాన్ని పని వీసా అనుకుంటున్నాడు. ఏజెంటుకు పైసలు ముట్టినయి, పాస్‌పోర్టు కూడా ఆ ఏజెంటు దగ్గరే ఉంది.

విదేశం పోవడం మన జిల్లాకు కొత్త కాదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినప్పుడు చెరుకు కోతలోనో, సీజన్‌లోనో ఏదో ఒక పని దొరికేది. 2015 డిసెంబర్‌లో అది మూతబడ్డది. గల్ఫ్ బాట అంతకు ఎన్నో ఏండ్ల ముందే పడ్డది కానీ, ఊర్లో ఉండడానికి ఉన్న ఒక కారణం కూడా పోయింది. కాబట్టి పోవద్దని మేము ఎవరికీ చెప్పం. కాగితాలు మాత్రం మన చేతిలోనే ఉండాలె.

మా అభిప్రాయం ఒక్కటే. హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివేటోళ్లం సెకండియర్‌లోనే పాస్‌పోర్టు తీసుకోవాలె. పని పడ్డప్పుడు చూద్దాం అంటే, అప్పుడు టైం ఉండదు, ఏజెంటే దొరుకుతడు. మామూలు పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు. మనకు చిన్న పైస కాదు, తెలుసు. కానీ పదేండ్లు నడుస్తది. సేవా కేంద్రం నిజామాబాద్‌లోనే ఉంది, హైదరాబాద్ బస్సు ఎక్కే పని లేదు. వెరిఫికేషన్‌కు పోలీసులు మనం రాసిన అడ్రస్‌కే వస్తరు, హాస్టలా తాండానా అన్నది ముందే తేల్చుకోండి.

అసలు తిప్పలు పేరు దగ్గర. టెన్త్ మెమోలో బానోత్, ఆధార్‌లో బాణోతు, ఇంకోదాంట్లో ఇంటిపేరే ఉండదు. నాయక్ ఒకచోట ఉంటది, ఒకచోట ఎగిరిపోతది. పుట్టిన తేదీ బడిలో సార్ రాసిందే, మనలో సగం మంది జూన్‌లనే పుట్టినట్టు! ముందు ఆధార్‌ను మెమోకు సరిపోయేటట్టు మార్పించుకోండి, ఆ తర్వాతే అప్లై చేయండి.

టెన్త్ పాస్ కానోళ్లది ఈసీఆర్ పాస్‌పోర్టు. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్ లాంటి 18 దేశాలకు దాని మీద పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలె. అన్నలు దాన్ని అడ్డంకి అంటరు, మాకైతే రక్షణ అనిపిస్తది. కంపెనీ, జీతం, కాంట్రాక్టు ఈమైగ్రేట్‌లో రికార్డు అవుతయి. ప్రవాసీ భారతీయ బీమా కూడా అప్పుడే చేస్తరు. రెండేండ్లకు 275 రూపాయలు, పన్ను వేరు. ప్రమాదంలో చనిపోతే ఇంటికి 10 లక్షలు. విజిట్ వీసా మీద పోతే ఇవేవీ ఉండవు. ఆ వీసా మీద పని చేస్తే అక్కడ నేరం, గడువు దాటితే ఖల్లివెల్లి. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నది కూడా ఈమైగ్రేట్‌లోనే చూడొచ్చు. ఆయన తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. టెన్త్ పాసైన మనకు ఈ క్లియరెన్స్ అవసరం లేదు. అంటే మన కాంట్రాక్టు చూసేటోళ్లు ఎవరూ ఉండరు, మనమే చూసుకోవాలె.

గల్ఫ్ ఒక్కటే దారి కూడా కాదు. విదేశాల్లో పీజీకి మన రాష్ట్రం ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల వరకు ఇస్తది. డిగ్రీలో 60 శాతం మార్కులు, 5 లక్షల లోపు ఆదాయం, చేతిలో పాస్‌పోర్టు ఉండాలె. మార్కులు ఉండి పాస్‌పోర్టు లేక ఆగిపోవడం ఎంత అన్యాయం!

ఆడపిల్లకు పాస్‌పోర్టు ఎందుకు అనే యాడి బాపులకు సిరికొండ మండలం పాకాల పిల్ల మాలావత్ పూర్ణను చూపించండి. 2014 మే 25న 13 ఏండ్లకే టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. అంతకుముందు భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో నెలల తరబడి తయారైంది. ఆ తయారీ గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు, శిఖరం ఫొటోనే షేర్ చేస్తం.

మేము ఈ ఆదివారం హాస్టల్‌లో కూర్చుని అందరి పేర్లు, తేదీలు సరిచూస్తున్నం. మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్ ఒరిజినల్స్ తెచ్చుకోండి. చూపించండి, ఎవరి చేతికీ ఇచ్చి పోవద్దు, మాకు కూడా. బోధన్ అన్నకు పాస్‌పోర్టు తిరిగొచ్చింది, పైసలు ఇంకా రాలేదు.