స్పెషలిస్టు డాక్టరు కావాలంటే మనది ఏ రాష్ట్రం?

అడాజన్‌లో ఏ తరగతిలో అడిగినా నలుగురైదుగురు డాక్టరు అవుతామంటారు. అందులో కొందరు "గుండె డాక్టరు", "పిల్లల డాక్టరు" అని స్పష్టంగా చెబుతారు. ఆ మాట ఇంట్లో అనగానే పెద్దలకు వచ్చే సందేహం వేరు: "మనం ఏ రాష్ట్రం కిందికి వస్తాం?" బదిలీల మీద బతికే మన ఇళ్లలో ఇది చిన్న ప్రశ్న కాదు. స్థానికత పోతుందేమోనని నాన్నను ఒక్కరినే కొత్త ఊరికి పంపి, అమ్మా పిల్లలూ సొంతూళ్లో ఉండిపోయే కుటుంబాలు మనలో ఉన్నాయి. అంత అవసరమా అన్నది లెక్క చూసుకుని తేల్చుకోవాలి.

ముందు చదువు ఎంతకాలమో చూద్దాం. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. ఆపైన ఎండీ లేదా ఎంఎస్ మూడేళ్లు. ఇక్కడికి పిల్లల డాక్టరో, కంటి డాక్టరో కావచ్చు. గుండె డాక్టరు కావాలంటే సాధారణంగా జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేసి, డీఎం కార్డియాలజీ ఇంకో మూడేళ్లు చదవాలి. మొత్తం పదకొండున్నరేళ్లు, అదీ మధ్యలో ఒక్క ఏడాదీ పోకపోతే.

ఈ మూడు మెట్లలో స్థానికత గట్టిగా అడ్డుపడేది మొదటి మెట్టు దగ్గరే. రాష్ట్రాల ప్రభుత్వ కళాశాలల్లో ఎంబీబీఎస్ సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా. మిగతా 85 శాతాన్ని ఏ రాష్ట్రం నిబంధనల ప్రకారం ఆ రాష్ట్రం నింపుకుంటుంది. ఉదాహరణకు తెలంగాణలో స్థానికులు కావాలంటే 12వ తరగతితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదవాలి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. బదిలీ ఉద్యోగుల పిల్లల్లో కొన్ని వర్గాలకు మినహాయింపు దొరికింది, అందరికీ కాదు.

రెండో మెట్టుకు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. ప్రభుత్వ పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటావే. పైగా పీజీ వైద్య సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న తీర్పు చెప్పింది. మూడో మెట్టయిన డీఎం, ఎంసీహెచ్‌లకు వెళ్లేసరికి ఈ ప్రశ్న దాదాపు ఉండదు.

రాష్ట్రాల వాదనలోనూ న్యాయం ఉంది. తమ డబ్బుతో కట్టిన కళాశాలలో చదివినవారు తమ పల్లెల్లో వైద్యం చేయాలని అవి కోరుకుంటాయి. కానీ బదిలీ ఉత్తర్వు పిల్లలు రాసుకున్నది కాదు. దేశం పని మీద తిరిగే ఉద్యోగి బిడ్డ ఏ రాష్ట్రానికీ చెందకుండా పోకూడదు. ఆ మినహాయింపు అన్ని రాష్ట్రాల్లో, బదిలీ ఉద్యోగులందరి పిల్లలకూ ఉండాలని మనం గట్టిగా అడగాలి.

అంతవరకు మనం చేయగలిగింది ఉంది. ఎనిమిదో తరగతిలోనే అమ్మానాన్నలతో కూర్చుని సొంత రాష్ట్రం నిబంధనలు, ఇప్పుడున్న రాష్ట్రం నిబంధనలు చదవాలి. ప్రతి బడి నుంచి తెచ్చుకున్న స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్త చేసుకోవాలి. రాజ్‌కోట్, మంగళగిరి, బీబీనగర్ వంటి ఎయిమ్స్‌లలో సీట్లు దేశమంతటి విద్యార్థులకూ ఉన్నాయని గుర్తుంచుకోవాలి. ఇవన్నీ చూసుకున్నాకే ఇల్లు రెండు చేసుకోవాలా వద్దా అన్నది నిర్ణయించుకోవాలి.

ఇంకో మాట. నీట్ పేరు చెప్పి భాషలు వదిలేయకండి. ఇదే సూరత్‌లో, తాపీ నదికి అవతల లింబాయత్ వైపు, మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లలో ఒక పెద్దాయన ఆసుపత్రికి వచ్చి "పోటు" అంటే ఒక బాధ, "మంట" అంటే వేరొకటి, "సలుపు" అంటే ఇంకొకటి. మూడింటినీ "నొప్పి" అని రాసుకున్న డాక్టరుకు సగం సంగతే తెలుస్తుంది. గుజరాతీలో, ఒడియాలో, మరాఠీలో కూడా ఇలాంటి మాటలుంటాయి. రోగి మాట విని జబ్బు పోల్చుకోవడం ఎంత పెద్ద స్పెషలిస్టుకైనా మొదటి పని. ఊరూరా తిరిగిన మన చెవులకు ఆ మాటలు ఇప్పటికే అలవాటు. పదకొండున్నరేళ్ల చదువులో వాటిని విడిగా నేర్పే పాఠం ఉండదు కాబట్టి, బడిలో ఉండగానే వాటిని నిలుపుకోవాలి.